ప్రొద్దుటూరులో చిల్లరగా వచ్చిన ఐదు రూపాయల నాణెం: టంకశాల పొరపాటా, తర్వాత నొక్కినదా?

ప్రొద్దుటూరు వాసి: ఇక్కడి కూరగాయల మార్కెట్టులో నాకు చిల్లరగా వచ్చిన పాత కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం) ఐదు రూపాయల నాణేనికి ఒకవైపు నాలుగు సింహాల గుర్తు మామూలుగానే ఉంది. రెండోవైపు 5 అంకె ఉండవలసిన చోట అదే గుర్తు గుంటపడి, కుడిఎడమలు తారుమారై కనబడుతోంది. తూకం సరిగ్గా 9 గ్రాములు ఉంది కనుక ఇది టంకశాల పొరపాటేనని నా నిశ్చయం.

అనంత సేకర్త: తూకం ఇక్కడ సాక్ష్యం కాదండీ. యాసిడ్‌లో వేస్తేనో, అరగదీస్తేనో తూకం తగ్గుతుంది గానీ, రెండు నాణేలను వైసులో (వర్క్‌షాపుల్లో వస్తువులను బిగించి పట్టే పనిముట్టులో) బిగించి నొక్కితే లోహం ఎక్కడికీ పోదు. టంకశాలలో ఒక నాణెం అచ్చుకు అతుక్కుని ఉండిపోతే, తర్వాత వచ్చిన బిళ్లకు ఆ వైపు అతుక్కున్న నాణెపు బొమ్మే గుంటగా పడుతుంది తప్ప, దాని సొంత ముద్ర పడే వీలే ఉండదు. వైసులో నొక్కినదానికైతే ముందు పడిన ముద్ర అణగిపోయినా ఎక్కడో ఒక మూల మిగులుతుంది. దయచేసి భూతద్దంతో చూడండి.

గుంతకల్లు రైలు: పట్టాల మీద పెట్టి సాగగొట్టిన రూపాయి బిళ్లలను కూడా ఎర్రర్ కాయిన్లని అమ్మజూపుతున్నారు.

ప్రొద్దుటూరు వాసి: కూరగాయలు అమ్ముకునే ఆమెకు వైసుతో పనేమిటి? నేను దీన్ని ఎవరి దగ్గరా కొనలేదు.

అనంత సేకర్త: ఆమెకంటే ముందు ఎన్ని చేతులు మారిందో మనకు తెలియదు. వర్క్‌షాపులో ఎవరో సరదాకు నొక్కిన నాణెమైనా చివరికి మార్కెట్టుకే చేరుతుంది.

ప్రొద్దుటూరు వాసి: లోగడ కర్నూలులో ఒక వ్యాపారి నా రెండు రూపాయల నాణెం మీది గీతను ఉత్త గీరుడని చెప్పి నామమాత్రపు ధరకు తీసుకుని, ఆ తర్వాత అచ్చు పగులని చెప్పి పెద్ద మొత్తానికి అమ్ముకున్నాడు. మీ మాటలూ అచ్చం అలాగే ఉన్నాయి.

కొండారెడ్డి బురుజు: ఆ గీత ఉబ్బెత్తుగా ఉండేదా? అచ్చు పగిలితే ఆ సందులోకి లోహం ఎక్కి గీత పైకి లేస్తుంది, గీరుడైతే లోపలికి దిగుతుంది.

ప్రొద్దుటూరు వాసి: పైకే లేచి ఉండేది. ఆ సంగతి ఆనాడు నాకు చెప్పినవారే లేరు.

అనంత సేకర్త: అయితే మీకు నిజంగా అన్యాయం జరిగింది. ఈ నాణేన్ని కొనే ఉద్దేశం నాకు లేదు. ఇది మీకు చిల్లరగానే వచ్చిందని నమ్ముతున్నాను, కానీ రేపు కొనేవారికి దక్కేది మీ మాట కాదు, నాణెం. మన తగవంతా అక్కడే ఉంది.

ప్రొద్దుటూరు వాసి: భూతద్దంతో చూశాను. సింహాల పక్కన సన్నని వంపు ఒకటి ఉంది. అది 5 అంకె కాకపోవచ్చు, అంకె పక్కనుండే పూల అలంకారం కావచ్చు.

అనంత సేకర్త: పువ్వయినా అది ఆ వైపు సొంత ముద్రే కదండీ.

ప్రొద్దుటూరు వాసి: నాణేన్ని చేత్తో పట్టుకుని చూసినవారు ఆ మాట చెబితేనే ఒప్పుకుంటాను.