చేదా, వగరా, కనరా? ఫారంలో ఏ గడి పెట్టాలి?

కొత్తపలుకు: ఒక రుచి పరీక్ష ఫారం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చాలి. తినిపించేవి కాకర చిప్స్, అరటిపువ్వు వడలు, పాలు లేని టీ, ఆవపెట్టిన కూర. తిన్నవాళ్లు గడుల్లో టిక్కు పెట్టాలి. ముసాయిదాలో బిట్టర్‌కి చేదు, ఆస్ట్రింజెంట్‌కి వగరు, పంజెంట్‌కి కారం, ఉమామికి కమ్మదనం అని రాశారు. చిక్కేమిటంటే టీకి, అరటిపువ్వుకి, కాకరకి అందరూ "చేదు" గడిలోనే టిక్కు పెడుతున్నారు. "వగరు" గడి ఖాళీ. లోపం మాటలో ఉందా, నోట్లో ఉందా?

నిఘంటుభారం: మాటలో లోపం లేదండీ. చేదుకీ వగరుకీ తేడా తెలుగులో స్థిరంగానే ఉంది. కన్నడంలో ఒగరు, తమిళంలో తువర్ప్పు అంటారు. షడ్రుచుల్లో దీన్ని "కషాయం" అన్నారు. గొడవంతా అక్కడే. మనకి కషాయం అంటే ధనియాలో తులసో వేసి మరిగించిన మందునీళ్లు. అవి చాలావరకు చేదుగానో ఘాటుగానో ఉంటాయి కాబట్టి "కషాయ రుచి" అనగానే చేదు అనుకుంటారు. బడి పుస్తకంలో ఆరు రుచులూ వల్లెవేసినవాళ్లు కూడా ఉగాది పచ్చట్లో వగరు దేనిదని అడిగితే తడబడతారు. చేదు వేపపువ్వుది, వగరు మామిడి పిందెది.

ఇంకో మెలిక: సంస్కృతంలో కటువు అంటే కారం, తిక్తం అంటే చేదు. హిందీకి వచ్చేసరికి కటువులోంచి పుట్టిన "కడ్వా" చేదైపోయింది. పాత అర్థం ఒక్కచోట మిగిలింది, ఆవనూనెని "కడ్వా తేల్" అంటారు. హిందీ ఫారం చూసి తెలుగు చేస్తే ఆ ఆవనూనె కాస్తా చేదు నూనె అయిపోతుంది. జాగ్రత్త.

పాలమూరు పిట్ట: మా దిక్కు "ఒగరు" అంటరు. వగరు అని రాస్తె అర్థమైతది గని నోట్లె మాట ఒగరే. "చప్పగ" గూడ మాకు "సప్పగ". తెలంగాణల గూడ పంచేదుంటె గడిల రెండూ పెట్టుండ్రి.

పటికబెల్లం: నోటి సంగతి నేను చెప్తాను. చేదు నాలుక మీది రుచిమొగ్గలు పట్టేది. మనిషికి చేదు గ్రాహకాలు, అంటే చేదుని పసిగట్టే అణువులు, సుమారు 25 రకాలు. వగరు రుచిమొగ్గల పని కాదు, స్పర్శ. పిందెల్లో, డికాషన్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి విరిచేస్తాయి. నోటికి ఉండే జారుడు పోతుంది. నాలుక అంగిటికి రాసుకుంటుంది, బుగ్గలు లోపలికి లాగినట్టుంటుంది. "నోరు పిడచకట్టుకుపోయింది", "నాలుక మందంగా ఉంది" అనేవి ఈ స్థితికి సరిపోయే మాటలు. నాలుగో గుక్క మొదటి గుక్క కంటే వగరుగా ఉండటం దీని గుర్తు. పంచదార నీళ్లు నోట్లో పెట్టుకుని ఉంటే తీపి మెల్లగా పల్చబడుతుంది, వగరు మాత్రం పేరుకుంటుంది. అందుకే నమూనాకీ నమూనాకీ మధ్య కనీసం 2 నిమిషాలు ఆగాలి. ఒట్టి నీళ్లతో పుక్కిలిస్తే వగరు పూర్తిగా పోదు, ఉప్పులేని బిస్కెట్టు ముక్క నమలాలి.

టిక్కు పెట్టేవాళ్లకి ముందు ఈ తేడా నోటితోనే చూపించండి. 250 మిల్లీలీటర్ల నీళ్లలో 2 చెంచాల టీపొడి వేసి 8 నిమిషాలు మరిగించండి. పంచదార వద్దు. వడకట్టి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదాంట్లో 2 పెద్ద చెంచాల పాలు, రెండోదాంట్లో అంతే నీళ్లు. రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడు తాగించండి. పాలగ్లాసులో తగ్గిపోయిందే, అది వగరు. ఇంకా మిగిలి ఉన్నది చేదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీను టానిన్లను ముందే పట్టేసుకుంటుంది కాబట్టి లాలాజలం జోలికి అవి రావు. ఈ రెండు గ్లాసులూ చూపించాక ఫారం ఇస్తే టిక్కులు మారతాయి.

గోంగూరపుల్ల: వంటింట్లో ఇది శాస్త్రం కాదు, నిత్యావసరం. చేదు అన్నామా వగరు అన్నామా అన్నదాన్ని బట్టి విరుగుడు మారిపోతుంది.

కాకర చేదు. అరకిలో కాయల్ని పావంగుళం చక్రాలు తరిగి, చెంచాన్నర ఉప్పు పట్టించి అరగంట ఉంచి పిండాలి. ఉప్పు రసాన్ని బయటికి లాగుతుంది. ముక్కలో మిగిలిన ఉప్పు నాలుక మీద చేదుని అణుస్తుంది కూడా. పిండిన ముక్కల్ని మళ్లీ నీళ్లలో కడిగితే ఆ రెండో లాభం పోతుంది. కడగకపోతే కూరలో ఉప్పు సగానికి తగ్గించాలి. చాలా కాకర కూరలు పాడయ్యేది చేదు వల్ల కాదు, ఈ రెండో ఉప్పు వల్ల. ఆపైన నిమ్మకాయంత చింతపండు, 2 పెద్ద చెంచాల బెల్లం.

అరటిపువ్వు వగరు. దానికి ఉప్పు, బెల్లం ఎంత వేసినా నోరు పట్టేస్తూనే ఉంటుంది. దానికి కావాల్సింది మజ్జిగ. ప్రతి చిన్న పువ్వులో నుంచి మధ్యలో ఉండే గట్టి పుల్లనీ, పక్కనున్న పల్చటి పారదర్శకమైన రెక్కనీ తీసేయాలి, అవి ఎంత ఉడికించినా మెత్తబడవు. తరిగిన ముక్క తరిగినట్టే అరలీటరు పల్చటి మజ్జిగలో పడాలి, పావుచెంచా పసుపు వేసి. అరగంట తర్వాత పిండి, ఉప్పునీళ్లలో ఉడికించి మళ్లీ పిండాలి. పైన టీలో చెప్పిన కేసీన్ పనే ఇక్కడ మజ్జిగది. పులుపు వల్ల ముక్క నల్లబడటమూ నెమ్మదిస్తుంది. ఒట్టి నీళ్లలో వేస్తే రెండూ జరగవు.

కొత్తపలుకు: గోంగూరపుల్ల గారూ, మరి వంకాయ? అదీ చేదెక్కింది అంటారు కదా.

గోంగూరపుల్ల: చేదెక్కదండీ, *కనరెక్కుతుంది*. ఈ మాట ఫారంలో లేకపోవడం పెద్ద లోటు. కోసిన వంకాయ గాలి తగిలి గోధుమరంగుకి తిరిగి, గొంతులో గీరుకున్నట్టు ఒక రుచి వస్తుంది. అది కనరు. కత్తి తగిలి కణాలు తెగగానే లోపలి ఎంజైము, ఫినాలిక్ పదార్థాలు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలుస్తాయి. లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా ఉప్పు వేసి అందులోకే తరుగుతాం. కానీ వంకాయ ముక్క తేలుతుంది! నీటిపైన కనిపించే వీపు మాత్రం నల్లబడుతూనే ఉంటుంది. పైన ఒక పళ్లెం బోర్లించి ముక్కల్ని ముంచి ఉంచాలి. ఇది తెలియక "ఉప్పునీళ్లలో వేసినా కనరెక్కింది" అనేవాళ్లు చాలామంది.

నిఘంటుభారం: కనరు మాట ఇచ్చినందుకు ఒక దండం. "కంద"ని కూడా కలపండి. దాని దురద చేదూ కాదు, వగరూ కాదు, కారమూ కాదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని సామెతే ఉంది.

పటికబెల్లం: కంద దురద అక్షరాలా సూదులే. కాల్షియం ఆక్సలేటు స్ఫటికాలు సూదుల్లా ఉండి చర్మంలో, నాలుకలో గుచ్చుకుంటాయి. తడిచేత్తో కోయకూడదు, చేతికి నూనె రాసుకుని పొడిగా కోసి చింతపండు రసంలో బాగా ఉడికించాలి. మీ ఫారంలో కంద లేదు కాబట్టి వదిలేద్దాం.

కారం దగ్గరికి వద్దాం. ఇది ముసాయిదాలో నిజంగా తప్పు. పంజెంట్ అనేదాన్ని తెలుగు రెండుగా చీలుస్తుంది: కారం, ఘాటు. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే "నోరు మండింది" అంటాం. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన బృందానికి నాయకుడు డేవిడ్ జూలియస్, 2021లో నోబెల్ పంచుకున్నవారిలో ఒకరు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. మంటకి నీళ్లు తాగితే పని జరగదు, పెరుగో పాలో పనిచేస్తాయి. ఆవది వేరు. దాని ఘాటు ఆవిరై ముక్కులోకి ఎక్కుతుంది, కళ్లలో నీళ్లు తిప్పుతుంది, అర నిమిషంలో దిగిపోతుంది. మీ నమూనాల్లో ఆవపెట్టిన కూర ఉంది కాబట్టి గడులు రెండూ ఉండాలి.

గోంగూరపుల్ల: ఆ ఘాటు నిలవాలంటే ఆవాలు చల్లటి నీళ్లతో నూరి 10 నిమిషాలు ఆగాలి, కూర దింపాక కలపాలి. ఘాటు ఆవగింజలో తయారుగా ఉండదు, నలిగినప్పుడు ఎంజైము వల్ల పుడుతుంది. వేడినీళ్లు పోస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. పొయ్యి మీదుండగా కలిపితే పుట్టిన ఘాటు ఎగిరిపోయి, చిరుచేదు మిగులుతుంది. అప్పుడు మళ్లీ అందరూ "చేదు" టిక్కే పెడతారు, అదైతే సరైన టిక్కే!

నిఘంటుభారం: ఇంకో మాట. తెలుగులో కారం అంటే రుచీ, పొడీ రెండూ. "కారం ఎక్కువైందా?" అని అడిగితే కొందరు మిరప్పొడి కొలత గురించి చెప్తారు, కొందరు మంట గురించి. ఫారంలో "నోటికి తగిలిన కారం" అని రాయండి.

కొత్తపలుకు: ఉమామికి కమ్మదనం?

నిఘంటుభారం: ఒప్పుకోను. "కమ్మటి పెరుగు" అంటే పులవని పెరుగు. కమ్మటి నెయ్యి, కమ్మటి వాసన, కమ్మటి పాట కూడా. అది మెచ్చుకోలు మాట, ఒక రుచి పేరు కాదు. ఆ గడిలో నచ్చిన ప్రతివాడూ టిక్కు పెడతాడు.

పటికబెల్లం: నేనూ అదే అంటాను. 1908లో టోక్యోలో కికునే ఇకెడ సముద్రపు నాచు కాచిన నీళ్లలోంచి గ్లుటమేటును వేరుచేసి పెట్టిన పేరు ఉమామి. అలాగే ఉంచేయండి, పక్కన "బాగా పండిన టమాటా చారు, ఎండు రొయ్యల పులుసు మింగాక నోట్లో నిలిచే రుచి" అని ఒక వివరణ చాలు.

పాలమూరు పిట్ట: ఒక్క డౌటు. ఒకే కాకరకాయ ఒకరికి బాగ శేదు, ఇంకొకరికి ఏం లేదు. అది మాట తేడానా, నోటి తేడానా?

పటికబెల్లం: నోటి తేడా ఉంటుంది, అదీ పుట్టుకతో. 1931లో డ్యూపాంట్ రసాయనవేత్త ఆర్థర్ ఫాక్స్ పిటిసి అనే పొడిని ఒంపుతుంటే అది గాల్లోకి లేచింది. పక్కనున్నాయనకి నోరంతా చేదు, ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఆ తేడాకి ప్రధాన కారణమైన జన్యువు టాస్2ఆర్38 అని 2003లో తేలింది. జీవశాస్త్రం ప్రాక్టికల్స్‌లో పిటిసి కాగితం నాకించేది ఇందుకే. ఇది చురుగ్గా పనిచేసేవాళ్లకి క్యాబేజీ, ఆవాకు లాంటివి ఎక్కువ చేదు తగలొచ్చు, వాటికి దూరంగా ఉండొచ్చు.

కానీ పిటిసి తెలియనివాడికి కాకర చేదు తెలియదని తీర్మానించకండి. చేదు గ్రాహకాలు 25 అన్నాను కదా, ఏ చేదు ఏ గ్రాహకానికి అతుక్కుంటుందో వేరు వేరు. ఒకరికి కాకర భరించలేనంత, మెంతులు ఫర్వాలేదన్నంత ఉండొచ్చు. కొత్తిమీర సబ్బు వాసన అనేవాళ్లదీ మొండితనం కాదు. కొత్తిమీరలోని ఆల్డిహైడ్లని పసిగట్టే వాసన గ్రాహకం జన్యువుల్లో తేడా దానికి కొంత కారణం. మన ప్రాంతాల్లో అలాంటివాళ్లు తక్కువ కనిపిస్తారు, చిన్నప్పటి నుంచీ అలవాటు కావడమూ ఒక కారణం.

అన్నట్టు నాలుక కొసన తీపి, వెనక చేదు అని పుస్తకాల్లో ఉండే బొమ్మను నమ్మి నమూనాని నాలుక వెనక్కి వేయమని ఫారంలో రాయకండి. ఆ బొమ్మ తప్పు. రుచిమొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

గోంగూరపుల్ల: జలుబు చేసినవాళ్లని ఆ రోజు కూర్చోబెట్టకండి. "నోటికి రుచి తెలియట్లేదు" అంటారు, పోయింది ముక్కు. ముక్కు మూసుకుని జీలకర్ర నమలమనండి, ఏదో నలిగింది తప్ప జీలకర్ర అని తెలియదు. ముక్కు వదలగానే తెలుస్తుంది.

కొత్తపలుకు: ఇప్పుడు గడులు ఇలా రాశాను: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. కింద వేరే వరుసలో: వగరు/ఒగరు, కారం, ఘాటు, కనరు. వేరే వరుస పెడితే "ఇవీ రుచులే కదా" అని అడుగుతారా?

పటికబెల్లం: అడుగుతారు. పై వరుసకి "నాలుకకి తెలిసినవి", కింది వరుసకి "నోటికి, ముక్కుకి తగిలినవి" అని పేరు పెట్టండి. రుచి అన్న మాటే ఎక్కడా వాడకండి, గొడవ ఉండదు. మూడో వరుస కూడా కావాలి: కరకర, గుల్ల, మెత్తన, జిగురు, పిప్పి. చాలామంది పిల్లలు బెండకాయ వద్దనేది రుచికి కాదు, జిగురుకి. వాళ్లకి గడి లేకపోతే "చేదు" అనే రాస్తారు.

గోంగూరపుల్ల: "ముక్కిన వాసన" కూడా కలపండి. కాకర చిప్స్ అంటున్నారు, నూనె పాతదైతే దాన్నీ కాకర ఖాతాలోనే వేసేస్తారు.