వి.వి. గిరిగారి సంతకం అసలైనదేనా? ఎంత ధర అడగవచ్చు?

బరంపురం కోడలు:
నిన్న సాయంత్రం నుంచి భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. కళ్లు లాగుతున్నాయి గాని సంగతి మాత్రం తేలలేదు. మా మామగారి ట్రంకు పెట్టెలో వి.వి. గిరిగారి సంతకమున్న ఉత్తరం ఒకటి దొరికింది. అంతర్జాలంలో ఒకచోట చూసిన ధరకు మరొకచోట చూసిన ధరకు పొంతన లేదు. పాత నాణేలు, స్టాంపులు కొనే ఇక్కడి వ్యాపారి ఒకాయన, సర్టిఫికెట్ లేకపోతే చిల్లిగవ్వ కూడా రాదంటూ, ఆ సర్టిఫికెట్ తానే ఇప్పిస్తానంటున్నారు. సంతకం అసలైనదో కాదో ఎలా తేల్చుకోవాలి? ఎంత అడగాలి? గిరిగారి జీవితచరిత్ర మాత్రం చెప్పకండి, ఆయన పుట్టింది మా ఊళ్లోనే.

పర్లాకిమిడి పాతకాగితం:
ఏ సంవత్సరం? టైపా, చేతిరాతా? ఏ కలం? ఇవేవీ చెప్పకుండా ధర అడిగితే ఎవరు చెప్పగలరు?

గోపాలపురం తీరం:
అమ్మా, ధర సంగతి తరువాత, ముందు ఆ కాగితాన్ని కాపాడుకోండి. మన గంజాం తీరపు ఉప్పుగాలికి పాత కాగితం చెమ్మ పీల్చుకుని మచ్చలు పడుతుంది. దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి దిగితే మళ్లీ విడదీయడం అసాధ్యం, అలాంటి ఉత్తరాన్ని సేకర్తలు ముట్టుకోరు. చిరుగులకు సెల్లోటేపు అసలే వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి సిరాను తినేస్తుంది. ఇనుప బీరువాలో కాకుండా...

పర్లాకిమిడి పాతకాగితం:
ఆవిడ అడిగింది బీరువా గురించి కాదు.

బరంపురం కోడలు:
క్షమించండి, అవన్నీ ఫొటోలో తెలుస్తాయనుకున్నాను, ఫొటో ఎక్కలేదు. ఉత్తరం ఇంగ్లీషులో టైపు చేసినది. తేదీ 1953, అంటే ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న కాలం. పైన డి.ఓ. (అర్ధ అధికారిక ఉత్తరం) నంబరు ఉంది. సంతకంతో పాటు మా మామగారి పేరుతో ఉన్న సంబోధన, చివరి ముగింపు మాటలు కూడా సిరాతో రాసినవే. మామగారు రైల్వేలో యూనియన్ పని చేసేవారు.

రాయగడ మాస్టారు:
ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది. డి.ఓ. ఉత్తరాలలో సంబోధనను, ముగింపును అధికారులు తమ చేతితో రాయడం ఆనవాయితీ కనుక, మీకు పోల్చి చూసుకోవడానికి ఒక్క సంతకం కాక మూడుచోట్ల దస్తూరి దొరికింది. గిరిగారు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘం కట్టినవారు, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచినవారు. రైల్వే యూనియన్ మనిషికి ఆయన ఉత్తరం రాయడంలో వింత లేదు. అయితే మంత్రుల కార్యాలయాలలో రబ్బరు ముద్ర సంతకాలు, కార్యదర్శులు చేసిన సంతకాలు కూడా ఉంటాయి. పాళీ కలంతో చేసిన సంతకంలో గీతలు ఒకదాన్నొకటి దాటేచోట సిరా చిక్కబడుతుంది, ఒత్తిడి పడిన చోట పాళీ రెండు మొనలు విచ్చుకుని అంచులు ముదురుగాను, నడుమ కాస్త పలుచగాను కనిపిస్తుంది, విడిచిన చివర సన్నబడుతుంది. రబ్బరు ముద్రలో గీత మందం ఒకే తీరుగా ఉండి సిరా అంచులకు చేరి నిలుస్తుంది. చూసి గీసిన నకలులో చేతి వేగం ఉండదు. వణుకు, మధ్యలో కలం ఎత్తిన చోట్లు, మొద్దుబారిన చివరలు దాన్ని పట్టిస్తాయి. పోలికకు 1969 తరువాత, రాష్ట్రపతిగా ఉన్నప్పుడు చేసిన సంతకాలు పనికిరావు. పదహారేళ్లలో ఎవరి సంతకమైనా మారుతుంది. 1952–54 నాటివే వెతకండి.

జయపురం సేకరణ:
ఇంత శ్రమ ఎందుకు? నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి వేసి చూడండి. కాగితం నీలంగా మెరిస్తే నకిలీ.

రాయగడ మాస్టారు:
అలా అనకూడదు. కాగితానికి ఆ మెరుపునిచ్చే రసాయనాల వాడకం 1950 ప్రాంతం నుంచి పెరిగింది. 1937లో ఆయన మద్రాసు మంత్రిగా ఉన్నప్పటి ఉత్తరమని ఎవరైనా చూపిస్తే ఆ పరీక్ష నిలుస్తుంది. 1953 కాగితం మెరిసినా మెరవకపోయినా ఏదీ తేలదు.

జయపురం సేకరణ:
సరే, సర్టిఫికెట్ ఉంటే ఈ గొడవే లేదు కదా?

పర్లాకిమిడి పాతకాగితం:
అది అభిప్రాయమే గాని హామీ కాదు.

జయపురం సేకరణ:
నేను కొన్న చోట హామీ అనే ఇచ్చారు. నకిలీ అని తేలితే డబ్బు తిరిగి ఇస్తామని రాసి ఉంది.

రాయగడ మాస్టారు:
ఇద్దరూ వేర్వేరు కాగితాల గురించి మాట్లాడుతున్నారు. అమ్మినవాడు రాసి ఇచ్చేది హామీ, అదీ అతను దుకాణం నడిపినంత కాలమే. అమ్మకంతో సంబంధం లేని నిపుణుడు ఇచ్చేది అభిప్రాయం. మీ వ్యాపారి ఇప్పిస్తానంటున్నది మూడో రకం: కొనేవాడే విలువ కట్టడం. ఆ దారి పట్టకండి. ధరకు వస్తే, అమ్మేవారు అడుగుతున్న ధరలు వదిలేసి, వేలంలో నిజంగా పలికి ముగిసిన ధరలే చూడండి. అవసరానికి మించి సంతకాలు దొరికినా కొందరికి ధర తగ్గదు. గాంధీజీ హరిజన నిధికి అయిదు రూపాయలు పుచ్చుకుని ఎందరికో సంతకాలు చేసినా గిరాకీ చెక్కుచెదరలేదు. గిరిగారికి ఆ స్థాయి గిరాకీ లేదు, కాబట్టి మీ ఉత్తరానికి బలం అందులోని విషయమే. మొక్కుబడి శుభాకాంక్షలైతే ఒక ధర, కార్మికుల సమస్య మీద ఆయన మాట ఉంటే మరో ధర. విదేశీ కొనుగోలుదారు ఎదురైతే మాత్రం, చారిత్రక విలువ గల రాతలకు 75 ఏళ్లు నిండితే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డువస్తుందని గుర్తుంచుకోండి.

బరంపురం కోడలు:
విషయం ఒక రైల్వే కార్మికుడి ఉద్యోగం గురించి. కవరు కూడా ఉంది, దాని మీద మా చిరునామా, 760001 అని టైపు చేసి ఉంది.

పర్లాకిమిడి పాతకాగితం:
పిన్ కోడ్ వచ్చింది 1972 ఆగస్టు 15న. ఆ కవరు ఈ ఉత్తరానిది కాదు.

జయపురం సేకరణ:
అయితే నకిలీయే.

రాయగడ మాస్టారు:
కవరు వేరైనంత మాత్రాన ఉత్తరం నకిలీ కాదు. ఇంట్లో ఎవరో చేతికి దొరికిన కవరులో పెట్టి ఉండవచ్చు. అయితే రెంటినీ జతగా అమ్మితే కొన్నవారు రేపు మిమ్మల్నే నిలదీస్తారు. స్టాంపు మీది ముద్రలో తేదీ చదవగలరా?

బరంపురం కోడలు:
చెరిగిపోయింది. ధన్యవాదాలండీ, వ్యాపారికి ఇప్పుడే వద్దని చెప్పాను. ఫొటోలు మా అబ్బాయి వచ్చాక పెడతాను.

గోపాలపురం తీరం:
ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వాడకండి.