చేత్తో తిప్పే రంగుల రాట్నం మన నెల్లూరు వైపు ఇంకా ఎక్కడైనా ఉందా?

పెన్నా_ఒడ్డు
అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర పల్లె, ఉద్యోగం బెంగళూరులో. పోయిన నెల పిల్లలిద్దర్నీ ఇక్కడ ఒక పెద్ద పార్కుకి తీసుకెళ్ళాను. టికెట్లకే వేలు అయ్యాయి. ఒక్కోదానికీ ముప్పావు గంట లైను. ఆ రాత్రి ఫోన్‌లో మా నాన్న, "తిరునాళ్ళకి తీసుకొచ్చి రాట్నం ఎక్కిస్తే సరిపోయేది కదరా" అన్నారు. పక్కనే ఉన్న మా పాప "మోటారు లేకుండా రాట్నం ఎట్టా తిరుగుద్ది తాతా?" అని అడిగింది. ఆయన చాలాసేపు చెప్పారు, దానికి మాత్రం అర్థం కాలేదు. చూపిస్తే తప్ప తెలిసేది కాదు అది.

ఏప్రిల్ ఆఖరులో సెలవులకి వస్తున్నాం. నాలుగు తొట్ల రాట్నం, గుర్రాల రాట్నం, పిల్లల రైలు, ఇంతే కావాలి. పాపకి తొమ్మిదేళ్ళు, బాబుకి ఆరు, నాన్నకి డెబ్బై దాటాయి. నెల్లూరు అయినా ఒంగోలు అయినా పర్వాలేదు. ఎక్కడ చూశారో, ఎప్పుడు చూశారో చెప్పండి.

జొన్నవాడ_దారి
మంచి టైముకే వస్తున్నారన్నా. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు వైశాఖంలోనే. పెంచలకోన నరసింహస్వామి ఉత్సవాలూ ఆ నెలలోనే, నరసింహ జయంతికి. తేదీలు ఏటా మారతాయి కాబట్టి పంచాంగం చూసుకొని బయలుదేరండి. రెండు చోట్లా నేను చిన్న రాట్నాలు చూశాను. పెద్దవి మోటారువి, చిన్నవి చేత్తో తిప్పేవి. జొన్నవాడ అయితే మీ ఊరికి దగ్గర కూడా. ఎండ తగ్గాక, సాయంత్రం ఆరు దాటాకే వెళ్ళండి.

మైపాడు_గాలి
ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్‌కి రండి. మేము వెళ్ళినప్పుడు ఇసుకలో పిల్లల గుర్రాల రాట్నం ఒకటి, గాలి కొట్టిన జారుడు బల్ల ఒకటి ఉన్నాయి. ప్రతి వారం ఉంటాయని మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు.

రాట్నం_మనవడు
ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. మా తాత రాట్నం తిప్పేవాడు. కందుకూరు, కొండపి, సింగరాయకొండ వైపు తిరునాళ్ళన్నిటికీ వెళ్ళేవాడు. మొదట ఎద్దుల బండి మీద, తర్వాత ట్రాక్టరు మీద. సెలవుల్లో నేనూ ఆయన వెంట వెళ్ళేవాణ్ణి.

పాపకి ఇలా చెప్పండి. రెండు గట్టి గుంజలు నాటి, వాటి మీద అడ్డంగా ఇరుసు పెడతారు. ఇరుసుకి శిలువలాగా దూలాలు, దూలాల చివర నాలుగు తొట్లు. కింద ఉన్న తొట్టిలో ఇద్దర్ని ఎక్కించగానే అటు బరువు పెరుగుద్ది. అది పైకి లేవాలంటే ఎదురు తొట్టిలో కూడా అంతే బరువు ఉండాలి. రెండు వైపులా బరువు సమానం అయిందా, ఇక ఒక్క మనిషి చెయ్యి చాలు. ఆ చెయ్యి ఎత్తేది మనుషుల్ని కాదు, ఇరుసు దగ్గర రాపిడిని గెలిస్తే సరిపోద్ది. అందుకే ఇరుసుకి కందెన రాయడం తాతకి పూజ లాంటిది. పొద్దున్నే పాత కందెన గోకి తీసేసి, గుడ్డతో తుడిచి, కొత్తది పట్టించేవాడు. పెన్న ఒడ్డున వేసిన రోజుల్లో గాలికి ఇసుక ఎగిరి అందులో పడి గరగరమనేది. ఆ చప్పుడు వినగానే రాట్నం ఆపేసేవాడు. ఎదురుగా ఎంతమంది నిలబడి ఉన్నా సరే.

ఇంకోటి. మా తాత ఎవరి బరువూ అడిగేవాడు కాదు. లైనులో ఉన్నవాళ్ళని ఒక్కసారి పైనుంచి కిందికి చూసేవాడు. "నువ్వు ఇటు రామ్మా, ఆ పిల్లలిద్దరూ అటు" అనేవాడు. పెద్దాయన ఒక్కడికి ఎదురు ముగ్గురు చిన్నపిల్లలు. లెక్క తప్పడం నేను చూడలేదు. దించేటప్పుడు కూడా అంతే, ఒక వైపు వాళ్ళనే దించేస్తే అటువైపు తేలికై రాట్నం దబ్బున తిరిగిపోద్ది. ఒక తొట్టి దించి, తర్వాత దాని ఎదురు తొట్టి దించాలి. చూసేవాళ్ళకి మాత్రం తిప్పే మనిషి ఇష్టమొచ్చినట్టు దించుతున్నట్టు ఉంటుంది.

సంక్రాంతికి బయలుదేరితే శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, వైశాఖం తిరునాళ్ళు చూసుకొని తిరిగొచ్చేవాడు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రాట్నం విప్పి చావిట్లో పెట్టేసేవాడు. మనకి ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాల్లోనే కదా, తుఫాను గాలికి, బురద నేలకి గుంజలు ఆగవు. తాత పోయాక ఆ దూలాలు పశువుల కొట్టానికి వాడేశారు. ఇరుసు మాత్రం నా దగ్గరే ఉంది.

ఒంగోలు_పిల్ల
రాట్నం మనవడు అన్నా, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. తను మాలకొండ దగ్గర పుట్టింది. అక్కడ కొండ మీది నరసింహస్వామి గుడి శనివారం ఒక్క రోజే తెరుస్తారు కదా, చిన్నప్పుడు ప్రతి శనివారం కొండ కింద ఒక రాట్నం ఉండేదట. ఆ తిప్పే ఆయన మీ తాత అయి ఉండొచ్చా అని అడుగుతోంది.

పెన్నా ఒడ్డు గారూ, ఒంగోలులో వేసవిలో ఎగ్జిబిషన్ పడితే అందులో ఉండేవన్నీ మోటారువే. జెయింట్ వీల్, కొలంబస్ ఓడ, టోరా టోరా, బ్రేక్ డాన్స్, డ్రాగన్ రైలు. మీరు అడిగిన పాతకాలంది అందులో ఒక్కటే మిగిలింది, అది మరణ బావి. తప్పకుండా చూపించండి. చెక్క పలకలతో కట్టిన గుండ్రటి బావి అది, మనం మెట్లెక్కి పై అంచు దగ్గర నిలబడి కిందికి చూడాలి. బైకు మొదట అడుగున ఏటవాలు మీద రెండు చుట్లు తిరిగి, వేగం అందుకోగానే నిలువు గోడ మీదికి వచ్చేస్తుంది. ఆ వేగానికి టైరు గోడని గట్టిగా నొక్కుతుంది, ఆ పట్టు వల్లే జారదు. వేగం తగ్గితే కిందికే. ఇదంతా తెలిసినా సరే, బైకు మన కాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు పలకలన్నీ దడదడ ఊగుతాయి, గుండె కూడా. మా తమ్ముడు పది రూపాయల నోటు పట్టుకొని చెయ్యి చాపితే బైకు నడిపే ఆయన చేతులు వదిలేసి వచ్చి అందుకున్నాడు. తమ్ముడి వేళ్ళకి పెట్రోలు వాసన అంటుకుంది. మీ బాబుని మాత్రం అంచు దగ్గర ఎత్తుకోకండి, వెనక నిలబెట్టి చూపించండి.

కావలి_అక్క
అందరూ మంచి సంగతులే చెబుతున్నారు. నేను నాకు జరిగింది చెబుతాను, ఎందుకంటే పిల్లలతో వస్తున్నారు.

రెండేళ్ళ కింద మా జిల్లాలోనే ఒక ఎగ్జిబిషన్‌లో నేనూ మా అమ్మాయీ జెయింట్ వీల్ ఎక్కాం. పైకి చేరగానే కరెంటు పోయింది. జనరేటరు వేస్తారులే అనుకున్నాం. అందులో డీజిల్ లేదు. ఇరవై నిమిషాలు అట్టాగే పైన ఉన్నాం. చీకట్లో మా అమ్మాయి నా చీర కొంగు చుట్టుకొని ఏడ్చింది. నేను ధైర్యం చెబుతూ తొట్టి తలుపు పట్టుకుంటే, దానికి గడియ లేదు, నైలాన్ తాడుతో కట్టారు. దిగాక అడిగితే "ఏమీ కాలేదు కదమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మంటగా ఉంది. ఏమన్నా అయితేనే అడగాలా?

అప్పటి నుంచి నేను ఎక్కేముందు పది నిమిషాలు పక్కన నిలబడి చూస్తాను. తలుపు గడియకి పిన్ను పెడుతున్నారా లేక కట్టి వదిలేస్తున్నారా. కింద పెట్టిన చెక్క దిమ్మెలు నేలలోకి దిగబడుతున్నాయా. కరెంటు వైర్లు తడి నేల మీద, అతుకులతో పడి ఉన్నాయా. తిప్పే మనిషి చూపు చక్రం మీద ఉందా, ఫోన్ మీద ఉందా. వీటిలో ఏ ఒక్కటి నచ్చకపోయినా పీచు మిఠాయి కొనిచ్చి ఇంటికి తీసుకొచ్చేస్తాను. చున్నీ, జడ, కొంగు దగ్గరికి కట్టుకోండి. గాలి లేచిందంటే అసలు ఎక్కొద్దు.

రాట్నం_మనవడు
అక్కా, తాడుతో కట్టడం చాలా తప్పు. మా తాత అయితే గడియ ఊడిన తొట్టిని ఖాళీగానే తిప్పేవాడు, దాని ఎదురు తొట్టిలో కూడా ఎవర్నీ ఎక్కించేవాడు కాదు. ఆ పూట సగం సంపాదన పోయేది.

ఒంగోలు పిల్ల గారూ, మాలకొండ శనివారాలు ఆయనవే. ఎడమ చెవికి పోగు ఉండేది, మీ అమ్మగారికి గుర్తుందేమో అడగండి.

ఆస్పత్రి_డ్యూటీ
నేను నర్సుని. మీ నాన్నగారికి బీపీ, గుండె జబ్బు, మెడ నొప్పి ఉంటే కొలంబస్, బ్రేక్ డాన్స్ లాంటివి వద్దు. గర్భిణులు అసలు ఎక్కకూడదు. నెమ్మదిగా తిరిగే చేతి రాట్నం కూడా డాక్టరుని అడిగాకే. పిల్లలకి తిండి ముందు పెట్టి తర్వాత ఎక్కిస్తే వాంతులు ఖాయం. ముందు రాట్నం, తర్వాత బజ్జీలు.

లెక్కల_సారు
మీ పాప ప్రశ్న నాకు బాగా నచ్చింది. దానికి కొంచెం చరిత్ర కలుపుతాను. మనం జెయింట్ వీల్ అనే పెద్ద ఇనుప చక్రాన్ని 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజినీరు కట్టాడు. 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. ఆవిరి యంత్రాలతో తిప్పేవారు. దాని ఇరుసు ఒక్కటే 45 అడుగుల పొడవు. అయితే చేత్తో తిప్పే చెక్క రాట్నం దానికంటే చాలా పాతది. పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1620లోనే, ఇప్పటి బల్గేరియాలో ఉన్న ఒక ఊళ్ళో ఇలాంటిది చూసి రాసి పెట్టాడు. మా స్కూల్లో నేను సైకిలు చక్రానికి ఎదురెదురుగా అగ్గిపెట్టెలు కట్టి, వాటిలో గులకరాళ్ళు వేసి చూపిస్తాను. ఒక వైపు రెండు, అటు ఒకటి వేస్తే బరువు వైపుకి వచ్చి ఆగిపోద్ది. రెండూ సమానం అయితే వేలితో తోసినా తిరుగుద్ది. రాట్నం దొరక్కపోతే ఇదన్నా చేయండి.

జొన్నవాడ_దారి
రొట్టెల పండుగ సంగతి ఎవరూ చెప్పలేదు. నెల్లూరులో స్వర్ణాల చెరువు పక్కన, బారాషహీద్ దర్గా దగ్గర, మొహర్రం రోజుల్లో జరుగుద్ది. దుకాణాలు, ఆటలు కూడా పడతాయి. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకి వస్తుంది కాబట్టి తేదీ చూసుకోండి, మీ ఏప్రిల్ సెలవులకి కుదరకపోవచ్చు. ఎప్పుడన్నా వస్తే రాట్నం కోసం రావద్దు, రొట్టె కోసం రండి. చెరువులో నిలబడి ఒకరి కోరిక రొట్టె ఇంకొకరు అందుకోవడం పిల్లలు చూడాలి. ఆ రద్దీలో పిల్లల అరచేతి మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి.

పెన్నా_ఒడ్డు
అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. నిన్ననే వెళ్ళొచ్చాం.

పెద్ద తిరునాళ్ళకి కాదు, మా పక్క ఊరి అమ్మవారి తిరునాళ్ళకి వెళ్ళాం. నాన్నకి తెలిసినవాళ్ళు చెప్పారు. చెరువు కట్ట కింద, చింతచెట్టు పక్కన నాలుగు తొట్ల రాట్నం. నీలం రంగు తొట్లు, మూలల్లో రంగు పోయి లోపలి పాత ఎరుపు కనపడుతోంది. మనిషికి ఇరవై రూపాయలు. కావలి అక్క చెప్పినట్టు ముందు పది నిమిషాలు నిలబడి చూశాను. తలుపుకి ఇనుప గడియ, దానికి గొలుసుతో వేలాడే పిన్ను. ప్రతిసారీ పిన్ను పెట్టి, లాగి చూసి అప్పుడు తిప్పుతున్నాడు. నాకు టెన్షన్ తగ్గింది.

నాన్న డాక్టరుని అడిగే వచ్చారు. ఆయన ముందుకి రాగానే తిప్పే అబ్బాయి ఒక్క చూపు చూసి, "తాతా మీరు ఇటు, పాపా, బాబూ, ఇంకా నువ్వు, ముగ్గురూ అటు" అన్నాడు. ఆ 'నువ్వు' పక్కింటి పిల్లాడు, వాణ్ణి లాగి కూర్చోబెట్టాడు. మా పాప నా వైపు తిరిగి గట్టిగా అరిచింది, "నాన్నా, బరువు చూస్తున్నాడు!" అని. ఇక రాట్నం తిరిగినంతసేపూ అది కిందికి చూడలేదు, మధ్యలో ఇరుసునే చూస్తూ కూర్చుంది. పదకొండు చుట్లు అని బాబు లెక్కపెట్టాడు. నాన్న పైకి వెళ్ళినప్పుడల్లా చెరువు వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పారు, గాలికి వినపడలేదు. దిగాక అడిగితే "అదిగో మన పాత చేను" అన్నారు. అది అమ్మేసి ఇరవై ఏళ్ళు అయింది.

కావలి_అక్క
చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి తమ్ముడూ. పిన్ను లాగి చూశాడన్నావే, ఆ అబ్బాయి చల్లగా ఉండాలి.

రాట్నం_మనవడు
అన్నా, ఒక్క మాట. ఇరుసు చెక్కదా, ఇనుపదా?

పెన్నా_ఒడ్డు
ఇనుప ఇరుసే. అది ఆనుకునే గూడు మాత్రం చెక్కది. ఆట అయ్యాక పాప అడిగితే ఆ అబ్బాయి దగ్గరికి పిలిచి చూపించాడు. పాప వేలు పెట్టి కందెన తీసుకుంది, గౌను మీద మరక పోలేదు. నంబరు ఉంచుకున్నాను, సంక్రాంతి తర్వాత కొండపి వైపు వస్తాడట. మీ దగ్గర ఉన్న ఇరుసు సంగతి చెప్పాను. వచ్చినప్పుడు చూస్తానన్నాడు.