‘తెగని’ లెక్క: జీనో చిక్కును తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ప్రాచీన గ్రీకు తాత్వికుడు జీనో చెప్పిన పరుగుపందెం చిక్కును పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. గ్రీకు కథల్లోని మేటి పరుగువీరుడు అకిలీజ్, తనకన్నా ముందున్న తాబేలును ఎప్పటికీ అందుకోలేడట. అది ఉన్న చోటికి అతను చేరేసరికి అది ఇంకాస్త ముందుకు పోతుంది, ప్రతిసారీ అంతే. ‘అకిలీజ్ అనంతమైన దూరాలు దాటాలి’ అని రాశాను. మా అబ్బాయి చదివి, ‘అంత దూరం ఎవరైనా ఎలా పరిగెడతారు?’ అన్నాడు. ‘అనంతం’ బదులు ఏ మాట వాడితే బాగుంటుంది?

జవాబు: మీ అబ్బాయి సరిగ్గానే అడిగాడండీ. ‘అనంతమైన దూరాలు’ అంటే ఒక్కో దూరానికీ అంతు లేదన్నట్టు వినిపిస్తుంది. జీనో అన్నది అది కాదు. దూరం కొంచెమే, కానీ దాన్ని ముక్కలు చేస్తూ పోతే ఆ ముక్కల లెక్కకే అంతు లేదు. అరిస్టాటిల్ కూడా మొదట ఇక్కడే పట్టుకున్నాడు: విస్తారంలో అంతులేకపోవడం వేరు, విభజనలో అంతులేకపోవడం వేరు అని. ‘అనంతం’ అనే మాట ఆ రెండింటినీ కలిపేస్తోంది.

నేనైతే ‘తెగు’ అనే క్రియ వైపు చూస్తాను. తాడు తెగింది అంటాం, బేరం తెగింది అంటాం, పంచాయితీ ఎంతకీ తెగలేదు అంటాం. కోతకూ ముగింపుకూ ఒకటే మాట! జీనో చిక్కు కూడా సరిగ్గా అక్కడే ఉంది. ఆయనదే ఇంకో చిక్కు చూడండి: గమ్యం చేరాలంటే ముందు దారిలో సగం దాటాలి, తర్వాత మిగిలినదాంట్లో సగం, మళ్ళీ సగం. నాలుగోసారికి మిగిలేది వీసం, అంటే పదహారో వంతు. అక్కడా ఆగదు. దారి తెగుతూనే ఉంటుంది, కాబట్టి లెక్క తెగదు.

గ్రీకులో ఈ సగాల చిక్కుకున్న పేరు ‘డైకాటమీ’. రెండుగా కోయడం అని అర్థం. ‘ఆటమ్’ (పరమాణువు) అనే మాటలో ఉన్నదీ ఆ కోతే. కోత ఎక్కడో ఒకచోట ఆగి తీరాలన్న గ్రీకు తాత్వికులు ల్యూసిప్పస్, డెమోక్రిటస్ ఆ చివరి రేణువును కోయరానిది అన్నారు. తెలుగులో అదీ ‘తెగనిది’ కదా. జీనో లెక్కా తెగదు, డెమోక్రిటస్ రేణువూ తెగదు. ఇది గమనించిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

(తాబేలు గురించి ఒక మాట. జీనో రాసినది దాదాపుగా పోయింది. ఈ చిక్కులు మనకు ముఖ్యంగా అరిస్టాటిల్ ‘భౌతికశాస్త్రం’ ఆరో భాగం వల్లే తెలుసు. అందులో ఉన్నది ‘అందరికన్నా నెమ్మదైనవాడు’ మాత్రమే. తాబేలు కనిపించేది తర్వాతి వ్యాఖ్యాతల దగ్గర.)

ఇంకొకరు: ‘తెగని’ అంటే నాకు కోర్టు తగాదాలే గుర్తొస్తాయండీ. పైగా ‘తెగని లెక్క’ అంటే జవాబు లేని లెక్క అనుకుంటారు. దీనికి జవాబుందిగా! తాబేలు 100 మీటర్లు ముందుందనుకోండి. అకిలీజ్ వేగం సెకనుకు 10 మీటర్లు, దానిది 1 మీటరు. 100, 10, 1, మీటరులో పదో వంతు... ఇలా అన్నీ కూడితే 111 మీటర్లు, పైన మీటరులో 9వ వంతు. 11 సెకన్లు దాటీ దాటగానే పట్టేస్తాడు. ఇలా అంతులేనన్ని సంఖ్యల కూడికను క్లాసులో ‘అనంత శ్రేణి’ అని నేర్చుకున్నాం, అదే ఉంచితే పోదా?

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనదే. ‘తెగని లెక్క’ అని ఊరుకుంటే చాలదు. ముక్కల లెక్క తెగదు, కూడిక మాత్రం తెగుతుంది అని రెండూ చెప్పాలి. పెద్ద క్లాసులకు ‘అనంత శ్రేణి’ ఉండనివ్వండి, దాన్ని తీసేయమనను. కానీ ఇంటర్ లెక్కల్లో ‘అవధులు, అవిచ్ఛిన్నత’ అని చదివాం చూడండి, అవిచ్ఛిన్నం అంటే తెగకుండా ఉన్నది అనే. అక్కడికి వెళ్ళేముందు పిల్లవాడికి ఈ తెగడం, తెగకపోవడం ఇంటి మాటల్లో తెలిసి ఉంటే మేలు.

అరిస్టాటిల్ ఇంకో చోట చెప్పింది నాకు మరీ ఇష్టం. దారిని ఎన్ని సగాలుగానైనా కోయవచ్చు, అంతేగానీ అది ముందే కోసి లేదు. పరిగెత్తేవాడు ప్రతి సగం దగ్గరా ఆగితేనే అక్కడ నిజంగా తెగుతుంది. మన ‘కోయదగిన’, ‘కోసిన’ అనే రెండు మాటల మధ్య తేడా అది.

అందుకని మీ వాక్యాన్ని ఇలా మారుస్తారా? ‘అకిలీజ్ పరిగెత్తాల్సింది 111 మీటర్ల చిల్లర. ఆ కాస్త దూరాన్నే జీనో మనసులో ముక్కలు చేస్తూ పోయాడు. ముక్కల లెక్క తెగలేదు.’ మీ అబ్బాయికి చదివి వినిపించి, ఏమంటాడో ఇక్కడ రాయండి.