క్రూయిజర్ బండి బోర్‌కు వచ్చిందంటే తప్పు ఇంజిన్‌దా, ఓనర్‌దా?

ఉప్పల్_రైడర్:
అందరికీ నమస్తే. నాది 350 సీసీ క్లాస్ క్రూయిజర్, అంటే నింపాదిగా దూరాలు పోయే రకం బండి. కొని నాలుగేళ్లు దాటింది, మీటర్ మీద 38,000 కిలోమీటర్లు. కంపెనీ పేరు రాయడం లేదు, రాస్తే చర్చ బ్రాండ్ల కొట్లాటలోకి పోతుంది. నెల రోజులుగా పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తోంది. ఒక నిమిషం ఉండి ఆగిపోతుంది. మా ఏరియా షెడ్డులో చూపిస్తే "బోర్ పోయింది, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగింది, పిస్టన్ కిట్ వేయాలి, 14,000 అవుతుంది" అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "కొంచెం ఆయిల్ తాగడం మామూలే సార్" అని పంపేశారు.

వారానికి మూడు రోజులు ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, రానూపోనూ 60 కిలోమీటర్లు. సర్వీస్ ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు. నాలుగేళ్లకే బోర్ అంటే నిజంగా బాధగా ఉంది. ఈ ఎయిర్ కూల్డ్ పెద్ద సింగిల్ సిలిండర్ ఇంజిన్లు హైదరాబాద్ ట్రాఫిక్‌లో నిలబడతాయా? లేక నేనే ఎక్కడో పొరపాటు చేశానా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కూకట్‌పల్లి_350:
మీ పొరపాటు ఏమీ లేదు భయ్యా. ఎయిర్ కూల్డ్ ఇంజిన్ చల్లబడాలంటే గాలి తగలాలి, గాలి తగలాలంటే బండి కదలాలి. మే నెలలో 42 డిగ్రీల ఎండలో సైబర్ టవర్స్ దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇంజిన్ చుట్టూ రెక్కల్లా ఉండే ఫిన్నుల మీదికి ఏ గాలి వస్తుంది? లిక్విడ్ కూల్డ్ బండి అయితే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంది. మన బండికి అది కూడా లేదు.

నా అనుభవం కూడా చెప్తాను. 21,000 దగ్గర స్టార్టర్ స్ప్రాగ్ (స్టార్టర్ మోటార్ తిప్పే బలాన్ని ఇంజిన్‌కు అందించే క్లచ్) పోయింది. లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర, జోరు వాన. బటన్ నొక్కితే మోటార్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం తిరగడం లేదు. నా బండికి కిక్ లేదు. రెండో గేర్‌లో వేసి తోద్దామంటే మోకాలి దాకా నీళ్లు. అంత బరువైన బండిని ఖైరతాబాద్ దాకా నడిపించుకుంటూ వెళ్లాను. మా ఆవిడ ఫోన్ చేస్తూనే ఉంది, ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు. రెండు లక్షలు పెట్టి కొన్న బండి మీద ఆ రోజే నమ్మకం పోయింది.

అవెంజర్_ఈసీఐఎల్:
నాది అవెంజర్ 220, 2013 మోడల్. 91,000 అయింది, ఇంతవరకు హెడ్ (సిలిండర్ పైమూత) కూడా విప్పలేదు. క్లచ్ ప్లేట్లు రెండుసార్లు, చైన్ స్ప్రాకెట్ నాలుగుసార్లు మార్చాను, అవి ఎలాగూ అరిగేవే. క్రూయిజర్ ఇంజిన్ అని వేరేగా ఉండదు అన్నా. పల్సర్ 220లో ఉన్న ఇంజిన్‌నే ఇందులో పెట్టారు, ఆయిల్ కూలర్‌తో సహా. అందుకే రాణిగంజ్‌లో ఏ పార్ట్ అడిగినా దొరుకుతుంది.

బాలానగర్_షెడ్డు:
18 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఉప్పల్ తమ్ముడూ, దయచేసి ఇంజిన్ అప్పుడే విప్పించకు. పొగ ఎప్పుడు వస్తోందన్నదే అసలు సంగతి. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలం పొగ కొట్టి ఆగిపోతే ముందు అనుమానించాల్సింది వాల్వ్ సీళ్లను, అంటే వాల్వ్ కాడల పక్కనుంచి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బర్లను. రాత్రి హెడ్‌లో మిగిలిన ఆయిల్ ఆ సీళ్ల సందులోంచి మెల్లగా కిందికి దిగి, పొద్దున మండుతుంది. పిస్టన్ రింగులో బోరో పోతే యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా పొగ ఆగకుండా వస్తుంది. ఈ తేడా చూడకుండా బోర్ చేసి పంపితే సీళ్లు పాతవే ఉండి మళ్లీ పొగ వస్తుంది. అప్పుడు ఓనర్ "ఈ ఇంజినే దండగ" అంటాడు. చెడ్డపేరు ఇంజిన్‌కు, డబ్బు షెడ్డుకు.

పరీక్ష కూడా కష్టం కాదు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. రీడింగ్ రాసుకో. తర్వాత ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ లోపల పోసి మళ్లీ కొట్టు. రీడింగ్ బాగా పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే రింగుల జోలికి పోవద్దు.

ఇక తప్పు ఎవరిదన్న మాటకు వస్తే, పోయిన నెల ఒక బండి వచ్చింది. డ్రెయిన్ బోల్ట్ విప్పితే కింద పెట్టిన కోసిన డబ్బాలో అయిదారు టీ గ్లాసులంత ఆయిల్ కూడా పడలేదు. ఉండాల్సింది రెండు లీటర్ల దాకా. పిస్టన్ బయటికి తీస్తే పక్కన గోటితో గీరినట్టు నిలువు గీతలు. ట్యాంక్ మీద స్టిక్కర్ చూస్తే తర్వాతి సర్వీసుకు ఇంకా 3,000 కిలోమీటర్లు ఉంది! ఆ అబ్బాయి కూడా సర్వీస్ ఎగ్గొట్టలేదు. కానీ ఆ మధ్యలో ఒక్కసారి కూడా ఆయిల్ చూడలేదు. చూసేవాళ్లు కూడా సైడ్ స్టాండ్ మీద బండి ఒరిగి ఉండగానే చూస్తారు. బండి నిటారుగా పెట్టి, ఇంజిన్ ఆపాక కొన్ని నిమిషాలు ఆగి చూడాలి.

కూకట్‌పల్లి అన్నా, మీ స్ప్రాగ్ సంగతి. బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు పదే పదే సెల్ఫ్ కొడితే ఇంజిన్ వెనక్కి తన్నుతుంది, ఆ దెబ్బ స్ప్రాగ్ మీద పడుతుంది. అప్పటికి మీ బ్యాటరీ ఎన్నేళ్లది?

కూకట్‌పల్లి_350:
మూడేళ్లది, సరిగా పట్టేది కాదు, ఒప్పుకుంటాను. కానీ అన్నా, ప్రతిదీ ఓనర్ మీదికే తోస్తే ఎలా? పెట్రోల్‌కు గేజ్ ఇచ్చారు. ఆయిల్‌కు మాత్రం కింద ఎక్కడో రూపాయి బిళ్లంత గాజు కన్ను, దాన్ని చూడాలంటే నేల మీద కూర్చోవాలి. ఇక్కడి ఎండ, ఇక్కడి సిగ్నళ్లు తెలిసే ఇక్కడ అమ్ముతున్నారు కదా! సగటు మనిషి ఎలా వాడతాడో దానికి తట్టుకోవాలి. రైడింగ్ క్లబ్ కుర్రాడు వాడినట్టు అందరూ వాడలేరు.

శ్రీశైలం_సోలో:
ఇంజిన్ బలం గురించి ఒక మాట. మీటియర్ 350తో 2020లో వచ్చిన జె సిరీస్ 349 సీసీ ఇంజిన్ 20.2 హార్స్ పవర్ ఇస్తుంది, అదీ 6,100 ఆర్‌పీఎం దగ్గర. దాదాపు అంతే సైజున్న పాత కేటీఎం 390 ఇంజిన్ 9,000 దగ్గర 43 దాకా ఇస్తుంది. సగం పవర్, తక్కువ వేగం, కంప్రెషన్ (లోపలి మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 9.5కు 1 మాత్రమే. ఇంత తక్కువ శ్రమ పడే ఇంజిన్ త్వరగా అరగకూడదు.

మరి ఎందుకు అరుగుతోంది? మనం కిలోమీటర్లు లెక్కపెడుతున్నాం, ఇంజిన్ గంటలు లెక్కపెడుతుంది. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి 30 కిలోమీటర్లు, సాయంత్రం గంటన్నర. అంటే గంటకు 20. ఆ లెక్కన 10,000 కిలోమీటర్లకు ఇంజిన్ తిరిగింది 500 గంటలు. నేను మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయినట్టు గంటకు 60 చొప్పున వెళ్తే అదే 10,000కు 167 గంటలే. స్టిక్కర్ మీద కిలోమీటర్లు ఒకటే, ఆయిల్ మాత్రం మూడు రెట్ల గంటలు వేడిలో పనిచేసింది. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీదికి మన బండ్లను రానివ్వరు కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు. నా సలహా, సిటీలో తిరిగేవాళ్లు పుస్తకంలో రాసిన దానికి సగం దూరంలోనే ఆయిల్ మార్చండి. గ్రేడ్ మాత్రం పుస్తకంలో ఉన్నదే వాడండి.

సైనిక్‌పురి_ట్విన్:
కూకట్‌పల్లి గారి మాటను నేను కొట్టిపారేయను. ఇంజిన్‌లోనే లోపం ఉండటం కొత్త కాదు. హార్లే డేవిడ్సన్ 1999 మోడళ్లతో తెచ్చిన ట్విన్ క్యామ్ 88 ఇంజిన్‌లో క్యామ్ చైన్‌ను (వాల్వ్‌లను తెరిచే క్యామ్‌లను తిప్పే గొలుసు) స్ప్రింగ్‌తో నొక్కిపెట్టే ప్లాస్టిక్ షూలు ఉండేవి. అవి అరిగి, ఆ ముక్కలు ఆయిల్‌లో కలిసి పంపు దాకా పోయేవి. వేళకు ఆయిల్ మార్చినవాళ్ల బండ్లలోనూ ఆ షూలు అరిగేవి. తర్వాత ట్విన్ క్యామ్ 96కు వచ్చేసరికి కంపెనీయే ఆయిల్ ఒత్తిడితో చైన్‌ను బిగించే హైడ్రాలిక్ టెన్షనర్ పెట్టింది. జాగ్రత్తగా చూసుకున్న బండికీ, చూసుకోని బండికీ ఒకే చోట దెబ్బ తగిలితే అది డిజైన్ లోపం. మన దగ్గర బోర్‌కు వచ్చిన బండ్లకు నేను అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

ఉప్పల్_రైడర్:
షెడ్డు అన్నా, మీకు చాలా థ్యాంక్స్. శనివారం వేరే మెకానిక్ దగ్గర నా ముందే కంప్రెషన్ చూపించాను. చెంచా ఆయిల్ పోసినా రీడింగ్ దాదాపు కదల్లేదు. హెడ్ తీశాడు. సిలిండర్ గోడ మీద ఫ్యాక్టరీలో సానపట్టినప్పుడు పడే హోనింగ్ గీతలు టార్చి వేస్తే అడ్డంగా అల్లినట్టు ఇంకా కనిపిస్తున్నాయి. ఎగ్జాస్ట్ వాల్వ్ సీల్ మాత్రం గోటితో నొక్కితే వంగలేదు, గట్టి ప్లాస్టిక్ ముక్కలా ఉంది. రెండు సీళ్లు, గాస్కెట్, కూలీ కలిపి 3,200 అయింది. ఈ రోజుకు అయిదో పొద్దు, పొగ లేదు.

కూకట్‌పల్లి_350:
సంతోషం భయ్యా, 11,000 దాకా మిగిలింది. కానీ ఎగ్జాస్ట్ వైపు రబ్బరు రాయిలా అయిందంటే ఆ వేడి ఎక్కడిది? సిగ్నల్ దగ్గర నిలబడిన వేడే. నా మాట మీద నేనున్నాను.

ఉప్పల్_రైడర్:
అది నేనూ కాదనను అన్నా, 38,000కే సీల్ గట్టిపడటం నాకూ నచ్చలేదు. అయితే మొన్న తీసిన పాత ఆయిల్ కొలిస్తే ఉండాల్సిన దానికంటే 600 మిల్లీలీటర్లు తక్కువ. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే గీతలు నా పిస్టన్ మీదే పడేవి. ఇప్పుడు ప్రతి ఆదివారం బండి నిటారుగా పెట్టి మా అబ్బాయిని పట్టుకోమని, గాజులో లెవెల్ ఫోటో తీస్తున్నాను. తేదీ, మీటర్ రీడింగ్ కూడా రాస్తున్నాను. 2,000 కిలోమీటర్లు అయ్యాక ఎంత తగ్గిందో ఇక్కడే పెడతాను.