నల్లగొండలో పశువైద్య క్లినిక్‌కు ఎక్స్‌రే మిషను: చేత్తో మోసుకెళ్లేదా, గదిలో బిగించేదా?

నల్లగొండ క్లినిక్

నాలుగేళ్లుగా పట్టణంలో సొంత క్లినిక్ నడుపుతున్నాను. ఇన్నాళ్లూ ఎక్స్‌రే కావాలంటే మనుషుల ల్యాబ్‌లో రాత్రి తొమ్మిది దాటాక బతిమాలి తీయించుకునేవాడిని. ఇక సొంతంగా కొనాలని నిర్ణయించుకున్నాను. నా రిజిస్టరులో ఎక్స్‌రే అవసరమైన కేసుల్లో సగానికి పైగా కుక్కలే. తర్వాత గొర్రెలు, మేకలు, ఆ తర్వాత దూడలు, పాడి పశువులు. మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి కుంటుతూ వచ్చే ఆవులు కూడా ఉన్నాయి. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి కుంటికి కారణం విరుపా, ఎముక మీద పెరిగిన గడ్డలా అన్నది చేత్తో తడిమి తేల్చలేకపోతున్నాను.

చేతిలో రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి బ్యాటరీతో నడిచే, చేత్తో మోసుకెళ్లే 20 ఎంఏ (మిల్లీయాంపియర్, అంటే కిరణాలు పుట్టించే కరెంటు) పోర్టబుల్, దానితో బొమ్మను నేరుగా తెర మీదికి పంపే వైర్‌లెస్ డీఆర్ ప్యానెల్. రెండోది గదిలో బిగించే 300 ఎంఏ మిషను, దానికి సీఆర్ క్యాసెట్లు (బొమ్మ పడే పలకలు), వాటిని చదివి బొమ్మ చూపే రీడరు. మొత్తం ఖర్చు దాదాపు సమానం. ఏది తీసుకోమంటారు?

పాలమూరు పశువైద్యుడు

పోర్టబుల్ తీసుకోండి. నేను వాడేది అదే.

దేవరకద్ర దగ్గర ఒక ఊళ్లో ఆవు ఈనలేకపోతుంటే నలుగురూ కలిసి దూడ ముందుకాళ్లకు తాడు కట్టి లాగారు. దూడ బతికింది, కానీ కుడి ముందుకాలు మోపడం లేదు. నేను వెళ్లేసరికి చీకటి పడింది. కొట్టంలో పేడ తీసి, గోనెసంచి పరిచి, దాని మీద చెక్కపెట్టెలో ప్యానెల్ పెట్టాను. బటన్ నొక్కిన నాలుగైదు సెకన్లకు బొమ్మ వచ్చింది. మోకాలి కింది పొడవాటి ఎముక, సరిగ్గా తాడు బిగిసిన చోట, అడ్డంగా విరిగింది. ఆ తెర మీద విరుపు చూశాకే ఇంటావిడ కట్టుకు ఒప్పుకుంది. అంతకు ముందు దూడను అమ్మేద్దామన్న మాట నడుస్తోంది. వెదురు బద్దలు పెట్టి ప్లాస్టర్ కట్టాను, ఆరు వారాలకు విప్పాను.

ఆ దూడను ఆటోలో 30 కిలోమీటర్లు కుదుపుకుంటూ గదిలో బిగించిన మిషను దాకా తెచ్చి ఉంటే విరిగిన ముక్క చర్మం చీల్చుకుని బయటికి వచ్చేది. గొర్రెల మందలవాళ్లదీ అదే పరిస్థితి. ఒక్క పొట్టేలు కోసం మందను వదిలి పట్టణానికి ఎవరు వస్తారు?

మిర్యాలగూడ, చిన్న జంతువుల వైద్యం

దూడ కాలికి 20 ఎంఏ సరిపోతుందని నేనూ ఒప్పుకుంటాను. కాలు పలుచగా ఉంటుంది, కదలకుండా పట్టవచ్చు. కానీ అడిగినవారి కేసుల్లో సగానికి పైగా కుక్కలు కదా. అక్కడే మీ వాదన నిలవదు.

లెక్క చూడండి. పెద్ద కుక్క ఛాతీకి 4 ఎంఏఎస్ (ఎంఏను సెకన్లతో గుణిస్తే వచ్చేది, అంటే మొత్తం కిరణాల మోతాదు) కావాలనుకుందాం. 20 ఎంఏ మిషనులో దానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. 300 ఎంఏలో డెబ్బై ఐదో వంతు చాలు. మే నెల మధ్యాహ్నం నల్లగొండలో నాలుక బయట పెట్టి రొప్పుతున్న లాబ్రడార్ సెకనులో ఐదో వంతు ఊపిరి ఆపుతుందా? ఆపదు. బొమ్మ చెదురుతుంది. చెదిరిన బొమ్మలో న్యుమోనియా ఉన్నా కనబడదు, లేనిది ఉన్నట్టూ కనబడుతుంది. పైగా పోర్టబుల్‌తో గ్రిడ్ (చెదిరిన కిరణాలు బొమ్మ మీద పడకుండా ఆపే జల్లెడలాంటి పలక) వాడలేరు, గ్రిడ్‌కు ఇంకా ఎక్కువ ఎంఏఎస్ కావాలి. పది సెంటీమీటర్లకు మించిన మందం ఉన్న శరీరాన్ని గ్రిడ్ లేకుండా తీస్తే పొగమంచులో తీసిన ఫొటోలా ఉంటుంది.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. పోర్టబుల్ అమ్మేవాళ్లు తీగ, మేకు మింగిన గేదె కడుపు కూడా ఇందులో తీయవచ్చని చెబుతున్నారు. నమ్మకండి. నిలబడిన గేదె రొమ్ము వెనక, కడుపు ముందు భాగం దాటి కిరణం అవతలికి రావాలంటే ఎక్కువ కేవీ (కిరణానికి చొచ్చుకుపోయే బలాన్నిచ్చే వోల్టేజి), చాలా ఎక్కువ ఎంఏఎస్ కావాలి. అలాంటి కేసును హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపించడమే న్యాయం. తెల్లటి ముద్దలాంటి బొమ్మ చూపి ‘తీగ లేదు’ అని రైతును ఇంటికి పంపితే ఆ గేదె పోతుంది.

నకిరేకల్ పాడి రైతు

డాక్టర్లు మాట్లాడుకునే చోట జోక్యం చేసుకుంటున్నందుకు మన్నించాలి. లేవలేని గేదెను బండెక్కించడం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. ఆరుగురు మనుషులు, మోకు, బండి కిరాయి కావాలి. దారిలో అది ఇంకో కాలు విరుచుకుంటుందేమోనని భయం. పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోను చేస్తే వైద్యులు ఇంటికి వస్తున్నారు, మందులు ఇస్తున్నారు. ఎక్స్‌రే కూడా వాకిట్లోకి వస్తే మాకు అంతకన్నా ఏం కావాలి సార్?

సూర్యాపేట రేడియోగ్రాఫర్

ఇద్దరు డాక్టర్లూ బొమ్మ గురించే మాట్లాడుతున్నారు. పట్టుకునే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక క్లినిక్‌లో ఒక ఫిల్ము చూశాను. కుక్క వెనకకాలు స్పష్టంగా వచ్చింది. దాని పక్కనే పట్టుకున్న కుర్రాడి నాలుగు వేళ్ల ఎముకలు, ఉంగరంతో సహా, అంతే స్పష్టంగా వచ్చాయి. అతను రోజూ అలాగే పట్టుకుంటున్నాడు. సీసపు ఏప్రాన్ వేసుకున్నాను కదా అన్నాడు. ఏప్రాన్ చెదిరి వచ్చే కిరణాలను ఆపడానికి, నేరుగా వచ్చే కిరణంలో చెయ్యి పెట్టడానికి కాదు. ఆ ఉంగరం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

పోర్టబుల్‌తో ఈ ప్రమాదం ఎక్కువ. గది లేదు, గోడ లేదు, చుట్టూ ఊరి జనం, పిల్లలు. ఒకరు మిషను, ఒకరు ప్యానెల్, ఒకరు కాలు చేత్తో పట్టుకుంటారు. కాబట్టి ప్యానెల్‌కు పొడవాటి పిడి ఉన్న హోల్డర్ చేయించండి, మిషనుకు స్టాండు కొనండి. ఒక మీటరు దూరంలో ఉన్న మనిషి రెండు మీటర్లకు జరిగితే అతనికి తగిలేది నాలుగో వంతుకు పడిపోతుంది. దానికి ఖర్చేమీ లేదు.

గదిలో బిగించేదైతే 9 అంగుళాల ఇటుక గోడ, తలుపుకు సీసం రేకు ఉండాలి. ఏదైనా సరే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉన్న మోడలే కొనండి, వాళ్ల ఈ-లోరా పోర్టల్‌లో దరఖాస్తు చేయండి, సిబ్బందికి ఎంత కిరణం తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు తెప్పించండి. పశువుల మిషనే కదా, ఎవరు అడుగుతారు అనకండి. కిరణం తగిలేది మనిషికి.

డబ్బు కట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కిరణం ఎక్కడ పడుతుందో చూపే మిషను దీపం వెలుగు ప్యానెల్ మీద పడిన చతురస్రం నాలుగు అంచుల దగ్గర నాలుగు రూపాయి నాణేలు పెట్టి ఎక్స్‌పోజర్ ఇవ్వండి. బొమ్మలో నాణేలు అంచుల దగ్గరే ఉండాలి. ఒక పక్క నాణెం దాటి కిరణం పరుచుకుంటే దీపం ఒక చోట, కిరణం ఒక చోట పడుతున్నట్టు.

పాలమూరు పశువైద్యుడు

హోల్డర్ మాట నిజం. నేను ఆరు నెలలు చేత్తోనే పట్టించాను. అది తప్పే, ఇప్పుడు మానేశాను.

కానీ మత్తు ఇచ్చి అందరూ దూరం జరగవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో, ముందే చెబుతున్నాను. ఆవులు, గేదెలకు జైలజిన్ అనే మత్తుమందు గుర్రానికి ఇచ్చేదానిలో పదో వంతు చాలు, కాబట్టి మోతాదు తప్పితే ప్రమాదం. గొర్రెకైతే ఊపిరితిత్తుల మీదే దెబ్బ పడవచ్చు. పొట్టేలును పక్కకు వాల్చి కాళ్లు కట్టడం కురుమలకు మనకంటే బాగా తెలుసు. కట్టి, ఇసుక సంచులు ఆనించి, తాడు కొస మాత్రం దూరం నుంచి పట్టుకోమనండి. నా దగ్గర మత్తు లేకుండా ఎక్కువ కేసులు అలాగే అవుతున్నాయి.

మిర్యాలగూడ, చిన్న జంతువుల వైద్యం

ఇంకో దారి ఉంది. సీఆర్ వదిలేయండి. క్యాసెట్ తీసి రీడరులో పెట్టి, బొమ్మ బాగా లేదని మళ్లీ కుక్కను బల్ల ఎక్కించేసరికి దానికీ మీకూ ఓపిక అయిపోతుంది. డబ్బు ప్యానెల్ మీద పెట్టండి. కిరణం పడగానే తానే గుర్తించే ప్యానెల్ అయితే దాదాపు ఏ మిషనుతోనైనా పనిచేస్తుంది. దానితో చక్రాల మీద నడిచే 100 ఎంఏ మొబైల్ మిషను తీసుకోండి. 4 ఎంఏఎస్‌కు సెకనులో ఇరవై ఐదో వంతు. 300 ఎంఏ అంత గొప్పగా ఉండదు, కుక్క ఛాతీ మాత్రం చదవగలుగుతారు. తర్వాత ఆదాయం పెరిగితే అదే ప్యానెల్ పెద్ద మిషను కిందికి వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో జంతువులకు వేరుగా సెట్టింగులు ఉన్నాయో లేదో అడగండి. మనుషుల ఛాతీకి రాసిన సెట్టింగులో పిల్లి ఛాతీ తీస్తే బొమ్మ సరిగ్గా రాదు.

పాలమూరు పశువైద్యుడు

ఆ చక్రాలు కొట్టంలోకి, పొలంగట్టు మీదికి వెళ్లవు. నకిరేకల్ రైతు అడిగినదానికి మీ దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

నల్లగొండ క్లినిక్

లేదు, నిజమే. ఆ రైతు మాట రెండుసార్లు చదివాను. అయినా నా దగ్గరికి వచ్చే కుక్కలకు సరిగ్గా చూడలేని మిషను పెట్టుకుని డబ్బు తీసుకోలేను. సీఆర్ ఆలోచన మానుకున్నాను. 100 ఎంఏ మొబైల్, తానే గుర్తించే ప్యానెల్, రెండు ఏప్రాన్లు, హోల్డర్ కలిపి కొత్త కొటేషన్ అడిగాను. ఊళ్లలో పడిపోయిన పశువుల కోసం మీ పోర్టబుల్‌ను వారంలో ఒక రోజు అద్దెకు ఇస్తారా డాక్టర్ గారూ? ప్యానెల్ నేను తెచ్చుకుంటాను, వచ్చి హోల్డర్ వాడే తీరు కూడా మీ దగ్గరే చూస్తాను. డెమో ఆదివారం ఉంది. నాలుగు నాణేలు జేబులో వేసుకుని వెళుతున్నాను.