అప్‌డేట్: ఓపీ రద్దీలో ఇంటర్న్స్‌కి నేర్పడం గురించి

మొన్న అడిగా కదా, పిల్లల ఓపీలో క్యూ గుమ్మం దాటుతుంటే ఇంటర్న్స్‌కి ఎప్పుడు నేర్పాలి అని, కొందరు వన్ మినిట్ ప్రిసెప్టర్ (జబ్బేంటో, ఎందుకో ముందు ఇంటర్న్ చేతే చెప్పించి, ఆ తర్వాత క్లుప్తంగా నేర్పే పద్ధతి) ట్రై చేయమన్నారు, చేస్తున్నా. డయాగ్నసిస్ నేను చెప్పేయకుండా "నువ్వేమనుకుంటున్నావ్, ఎందుకు?" అని ఆగడమే కష్టం, నోరు ఊరుకోదు.

నిన్న ఎనిమిది నెలల పాప, దగ్గు. ఇంటర్న్ న్యుమోనియా అంది, ఎందుకమ్మా అంటే రెస్పిరేటరీ రేట్ (నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో) 56 సార్ అంది, తీరా చూస్తే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించిందట, అదీ పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే! తల్లి పాలిచ్చి ఊరుకోబెట్టాక నిండు నిమిషం లెక్కపెట్టిస్తే 44. ఆ వయసుకి 50, ఆపైన ఉంటేనే కదా ఫాస్ట్ బ్రీతింగ్ (న్యుమోనియాకి గుర్తు), డొక్కలు కూడా ఎగరేయట్లేదు, యాంటీబయాటిక్ తప్పింది. "ఎందుకు" అని అడక్కపోతే ఇది బయటపడేదే కాదు.

ప్రతి కేసుకీ కుదరదు, పూటకి రెండు మూడు చాలు అన్నవాళ్ల మాటే కరెక్ట్.